మానేసినవాళ్ళ వరుస

“మీరంతట మీరే మానేశారని కంపెనీ చెప్పింది. మానేసినవాళ్ళకి భృతి రాదు. తర్వాతి వాళ్ళు రండి.”

కిటికీ లోపలి గుమస్తా తల ఎత్తకుండానే అన్నాడు. బయట నిలబడ్డ కాజాల పిన్ని కదల్లేదు. వినపడక కాదు, విన్నది తలకెక్కక. మూతికి కట్టుకున్న గుడ్డ జారితే పైకి లాక్కుని మళ్ళీ అడిగింది.

“నేను మానేశానా? ఆ హాల్లో కూర్చుని కూర్చుని నా జుట్టు తెల్లబడింది బాబూ. ఎప్పుడు మానేశాను? జబ్బొచ్చిందని తలుపులు మూయించింది మీరే కదా?”

“జబ్బు మేం తేలేదమ్మా. కంపెనీ తీసేస్తే భృతి ఇమ్మన్నారు, మానేస్తే వద్దన్నారు. నాకు తెలిసింది అంతే. జరగండి, మీద మీద పడకండి.”

పిన్ని మీద పడటానికి మధ్యలో బల్ల ఉంది, బల్ల మీద అద్దం ఉంది. అయినా ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. వెనక సున్నంతో గీసిన గీత మీద కాలరక్క నిలబడి ఉంది. ఆ వెనక గీత మీద ఆమె తోడికోడలు జేబులమ్మ, ఆ వెనక చొక్కాల ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరూ.

చొక్కాల ఫ్యాక్టరీలో అసలు పేర్లతో ఎవరికీ పని లేదు. ఏ ముక్క కుడితే అదే పేరు. కాలర్లు కుట్టేది కాలరక్క, కాజాలు తీసేది కాజాల పిన్ని, జేబులు వేసేది జేబులమ్మ. జబ్బు ఊరిమీద పడ్డాక ఫ్యాక్టరీ మూసేశారు. పని పోయినవాళ్ళకి భృతి ఇస్తామని ప్రభుత్వం మైకులు కట్టి చెప్పింది. ఆ మాట పట్టుకుని వచ్చారు వీళ్ళంతా.

కాలరక్క వంతు వచ్చింది. గుమస్తా ఈసారి తల ఎత్తి చూశాడు.

“మీ గురించి కంపెనీ ఏమీ చెప్పలేదు. మీది మాత్రం పక్కన పెట్టారు. పిలుస్తాం, వెళ్ళండి.”

మెల్లగానే అన్నాడు. కానీ ఆకలి మీదున్నవాళ్ళ చెవులు మామూలు చెవులు కావు. ఆ మాట గీత మీంచి గీత మీదికి దూకుతూ వరుస చివరిదాకా పోయింది.

“దాన్ని మాత్రం మానేసిందనలేదంట.”

“ఎందుకనలేదో?”

“అదే మరి.”

కాలరక్క వెనక్కి తిరిగింది. మూతులకి గుడ్డలున్నాయి కాబట్టి కళ్ళే కనబడుతున్నాయి. పక్క మిషన్ల మీద ఏళ్ళతరబడి తనతో కలిసి కూర్చున్న కళ్ళు. ఒక్క జతా ఆమెని పలకరించలేదు. ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకునే తోడికోడలు కూడా గోడమీద కాగితమేదో చదువుతున్నట్టు మొహం తిప్పుకుంది. ఆ పిల్లకి చదువు రాదు.

*

అందర్నీ మానేసినట్టు లెక్కగట్టడానికి కంపెనీ పట్టుకున్న సాకు బొటనవేలంత ఇనుప ముక్క.

కుట్టుమిషను కింద, దారం చుట్టిన చక్రాన్ని పట్టి ఉంచే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది. దానికి పక్కన మర. అది ఎంత తిప్పితే కింది దారం అంత బిగుస్తుంది. ఎవరి చేతివాటం వాళ్ళది కాబట్టి ఎవరి బిగువు వాళ్ళది. మిషను కంపెనీది, కరెంటు కంపెనీది, గుడ్డ ఎక్కడో ఉన్న షావుకారుది. ఆ డబ్బీ మాత్రం కుట్టేదానిది. పొద్దున సంచిలోంచి తీసి మిషన్లో పెట్టుకోవడం, సాయంత్రం తీసుకుని ఇంటికి పోవడం. పక్కదానికి చేతిలో ముద్ద పెడతారేమోగానీ డబ్బీ మాత్రం తాకనివ్వరు.

అందుకే, మానేసేటప్పుడు డబ్బీ అప్పజెప్పడం ఆ హాల్లో ఆనవాయితీ అయింది. కాపురం వేరే ఊరికి మారినా, కళ్ళు ఆనక మానుకున్నా, ఆఖరి సాయంత్రం డబ్బీ తీసి సూపర్‌వైజర్ చేతిలో పెట్టాలి. పెట్టిందంటే ఇక రాదని అర్థం. అంతకుమించి కాగితమూ లేదు, సంతకమూ లేదు.

ఫ్యాక్టరీ మూసిన రోజు సూపర్‌వైజర్ పెద్ద రేకుపళ్ళెం పట్టుకుని మిషన్ల మధ్య తిరిగాడు. వేసుకున్న చొక్కా మడత ఎప్పుడూ నలగదు కాబట్టి వెనకాల అతన్ని ఇస్త్రీ అంటారు.

“డబ్బీలు ఇందులో వేయండమ్మా. ఇనుము మీద జబ్బు నిలవుంటుందంట. మందునీళ్ళలో కడిగించి, తెరిచాక ఎవరివి వాళ్ళకిస్తాం. మీ మంచికే, మీ పిల్లల మంచికే.”

పిల్లల మాటెత్తాక ఎవరాలోచిస్తారు? టకటకా వేశారు. తన డబ్బీకి గుర్తుగా ఎర్రరంగు పూసుకున్న జేబులమ్మ, కడిగేటప్పుడు రంగు పోకుండా చూడమని బతిమాలి మరీ వేసింది.

వెయ్యనిది కాలరక్క ఒక్కతే. ఆమె సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పాలవాడు పోసిన పాలని వెలుతురుకి ఎత్తి చూస్తుంది. తాళం వేసిన తలుపుని మెట్లు దిగి మళ్ళీ ఎక్కొచ్చి లాగి చూస్తుంది. “మా ఆవిడ ఉప్పుడబ్బాలో ఉప్పే ఉందో లేదో రోజూ నాకి చూస్తుంది” అంటాడు మొగుడు. ఆ రోజు కూడా ఆమెకి అనుమానమే వచ్చింది. అయితే మనిషి మీద కాదు, మందునీళ్ళ మీద. ఆ నీళ్ళలో నానితే మర తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన మర తిప్పితే విరుగుతుంది. అందుకని పళ్ళెం తన దాకా వచ్చేలోపు చేతులు కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి జారుకుంది.

ఈ సంగతి ఎవరికి చెబితే నమ్ముతారు? డబ్బీ తుప్పు గురించి దిగులుపడిన మనిషి ఒక్కతే భృతి జాబితాలో మిగిలిందంటే, ఆమె కంపెనీ మనిషి కాకపోతే ఇంకేమిటి? కాలరక్కే ఇంకొకరి గురించి ఇలా వింటే, అందరికంటే ముందు “అదే మరి” అని ఉండేది.

*

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో పొయ్యి రెండైంది.

ఒకే వాటాలో అన్నదమ్ములిద్దరి కాపురాలు, మధ్యన ఒక తెర, అత్తగారి మంచం. పెద్దవాడు బడి పిల్లల వ్యాను నడిపేవాడు, బడులు మూశారు. చిన్నవాడు హోటల్లో వంట, హోటల్ మూశారు. అత్తగారికి ఊపిరాడని జబ్బు పాతదే. మందు గొట్టం పీల్చకపోతే రాత్రి గడవదు. ఇన్నాళ్ళూ ఎవరి జీతం ముందొస్తే వాళ్ళు ఆ మందు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు జేబులమ్మ కిరసనాయిలు స్టవ్వు తెచ్చి కిటికీ పక్కన పెట్టుకుంది.

“అదేంటే, వేరే ఎందుకు?” అంది కాలరక్క.

“ఊరికేనక్కా. నీకెందుకు శ్రమ. నీకు వచ్చేపోయే వాళ్ళుంటారు.”

“నాకెవరొస్తారే?”

“నాకేం తెలుసు. నేను మానేసినదాన్ని.”

అత్తగారు మంచం మీంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మీ ఇద్దరూ కొట్టుకోవాలనుకుంటే నేను పోయాక కొట్టుకోండే. ఊపిరాడనిదాని ముందు ఏంటీ గోల” అంది.

ఆడవాళ్ళు ఊరుకోలేదు. పిన్ని ముందుండి అందరూ కలిసి భృతి ఆఫీసుకి మళ్ళీ వెళ్ళి గట్టిగా అడిగితే, విచారణ పెడతామన్నారు. జబ్బు కాలం కాబట్టి ఒక్కొక్కరినే కిటికీ దగ్గర నిలబెట్టి అడుగుతామన్నారు. ఆ కబురు కాలరక్కకి వాళ్ళెవరూ చెప్పలేదు. చెప్పినవాడు ఇస్త్రీ.

నీళ్ళ బిందెతో మెట్లెక్కబోతుంటే, మెట్ల కింద సైకిళ్ళు పెట్టేచోట నిలబడి ఉన్నాడు. మూతికి తెల్లటి గుడ్డ, దానికీ ఇస్త్రీ మడతే.

“ఏం కాలరమ్మా, బాగున్నారా? అత్తగారికి ఆయాసం తగ్గిందా?”

అత్తగారి ఆయాసం సంగతి ఇతనికెలా తెలుసు అనుకుంది ఆమె. బిందె దింపలేదు.

“చూడండి, మీరొక్కరే డబ్బీ ఇవ్వలేదు. అంటే మీరు మానెయ్యలేదు. కంపెనీ మూసినందువల్ల మీకు పని పోయింది. మీ భృతికి మేం అడ్డుపడం. తెరిచాక లైను మొత్తం మీ చేతికింద ఉంటుంది. మాట ఇస్తున్నా.”

“ఊరికేనా?”

“ఊరికేనమ్మా. విచారణలో ముందు మిమ్మల్నే పిలుస్తారు. ఆ హాల్లో డబ్బీ అప్పజెప్పడమంటే ఏంటి అని అడుగుతారు. మానెయ్యడం అని చెప్పండి. అబద్ధం చెప్పమనట్లేదు. ఉన్న ఆనవాయితీయేగా.”

అబద్ధం కాదు. అదే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. అబద్ధం చెప్పమని ఉంటే ఈ బిందెడు నీళ్ళూ అతని మడతచొక్కా మీద కుమ్మరించి ఉండేది.

“వాళ్ళందరినీ తీసేశామని ఒప్పుకుంటే కంపెనీకేం పోతుంది?” అని అడిగింది.

ఇస్త్రీ నవ్వాడు. “తీసేసినవాళ్ళ భృతిలో సగం కంపెనీ వేసుకోవాలంట. మునిగిపోతుందమ్మా కంపెనీ. కంపెనీ ఉంటేనే కదా రేపు మీకు పని.”

అతను వెళ్ళాక పైకి చూసింది. రెండో అంతస్తు పిట్టగోడ మీంచి ఒక తల చటుక్కున వెనక్కి పోయింది. ఆ జడ ఎవరిదో ఆమెకి తెలుసు. రోజూ తనే దువ్వేది.

ఇంట్లో మొగుడికి చెప్పింది. అతను ఆగిపోయిన వ్యాను తాళంచెవుల్ని వేలికి తిప్పుతూ విన్నాడు.

“ఒక్క మాట. ఉన్న మాటే కదా” అన్నాడు.

“ఉన్న మాటే. మొత్తం మాట కాదు.”

“మొత్తం మాటతో అమ్మకి మందొస్తుందా?”

తెర అవతల కిరసనాయిలు స్టవ్వు చప్పుడు ఆగిపోయింది. అవతల కూడా వింటున్నారని ఇద్దరికీ తెలిసింది.

*

మర్నాడు మధ్యాహ్నం ఆ మేడ మెట్లమీదే మీటింగు పెట్టుకున్నారు. గదిలో గుమిగూడితే పోలీసులొస్తారు. మెట్టుకొకరు కూర్చుంటే దూరానికి దూరం, మాటకి మాట. కింద వాకిట్లోంచి పైన డాబా తలుపుదాకా ఆడవాళ్ళే. కింద అన్నది పైకి పోవడానికి, పైన అన్నది కిందికి రావడానికి కాస్త ఆలస్యమయ్యేది. దాంతో నవ్వులు కూడా విడతలు విడతలుగా వచ్చేవి.

కాలరక్కని ఎవరూ పిలవలేదు. తనే వచ్చి ఖాళీగా ఉన్న మెట్టు మీద కూర్చుంది. పై మెట్టుమీదామె లేచి ఇంకో మెట్టు పైకి జరిగింది.

“దగ్గొస్తోందా ఏంటి నాకు?” అంది కాలరక్క.

“నీకొచ్చింది దగ్గయితే మందుంది” అంది ఆమె.

జేబులమ్మ లేచి నిలబడింది. “నిన్న సైకిళ్ళ దగ్గర ఇస్త్రీ నిలబడ్డాడు. మా అక్క మాట్లాడింది. నా కళ్ళతో చూశాను. ఏం మాట్లాడారో ఆవిణ్ణే చెప్పమనండి. నాకేం, నేను ఇంట్లో దాన్ని, నాకు చెప్పరు.”

మెట్లన్నీ ఒక్కసారి మాట్లాడాయి.

“ముందే తెలుసు దానికి. అందుకే డబ్బీ దాచుకుంది.”

“చేతులు కడుక్కోడానికి పోయిందంట, మహాతల్లి శుభ్రం.”

“మన మీటింగుల సంగతి కూడా అక్కడికి పోతుందేమో. నోళ్ళు మూసుకోండే.”

“తోడికోడలినే ముంచిన మనిషి మనకో లెక్కా?”

కాలరక్క అంతా విన్నది. విని, ఇస్త్రీ అన్నదంతా అన్నట్టే చెప్పింది. అత్తగారి ఆయాసం అడిగిన దగ్గర్నుంచి లైను తన చేతికింద పెడతానన్నదాకా. మొగుడేమన్నాడో కూడా చెప్పింది. మందునీళ్ళకి మర తుప్పు పడుతుందని భయపడ్డ సంగతి చెప్పేసరికి మెట్లమీద ఎవరో ఫక్కున నవ్వారు.

“తుప్పంట.”

“ఈ కథ మా చిన్నది కూడా నమ్మదు, దానికి ఇంకా పాలపళ్ళే.”

అప్పటిదాకా మాట్లాడని కాజాల పిన్ని కింది మెట్టు మీంచి తలెత్తింది. ఆమె గొంతు పెద్దది కాదు. అందుకే అందరూ ఆగారు.

“ఇది మంచిదా చెడ్డదా అని తేల్చడానికా మనం కూర్చుంది? మంచిదే అనుకో, భృతి వస్తుందా? చెడ్డదే అనుకో, వస్తుందా? ఒకటి చెప్పండి. ఇస్త్రీ పళ్ళెం పట్టుకొచ్చినప్పుడు ఎంతమందికి అనుమానమొచ్చింది?”

ఒక్క చెయ్యీ పైకి లేవలేదు.

“నాకూ రాలేదు. కంపెనీవాడు మన పిల్లల ఆరోగ్యం అడిగితే రావాల్సిన అనుమానం రాలేదు. పక్క మిషనుది కుళాయి దగ్గరికి పోతే మాత్రం వచ్చింది. వాడికి కావలసిందేంటి? ఒక్కొక్కరినే పిలుస్తాడు. ఒక్కొక్కరితో మెల్లగా మాట్లాడతాడు. బయట నిలబడ్డవాళ్ళు, లోపల అదేం చెప్పిందో అని ఏడుస్తూ ఉండాలి. జబ్బు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకుంటుందంటున్నారే, దానికంటే ముందు ఇది అంటుకుంది మనకి.”

“మరి దీన్ని నమ్మమంటావా పిన్నీ?” అంది జేబులమ్మ.

“నేననలేదు.”

కాలరక్క లేచింది. ఆమెకి కోపం వచ్చింది. ఎవరిమీదో ఆమెకే సరిగ్గా తెలియలేదు గానీ, ఆ కోపం వల్ల మాట తేలిగ్గా వచ్చింది.

“నన్ను నమ్మొద్దు. నేనైనా నమ్మను. అక్కడికి ఒక్కదాన్నే వెళ్ళి ఎదురుగా అద్దం, పక్కన ఇస్త్రీ, ఇంట్లో అత్తగారి ఆయాసం గుర్తొస్తే నా నోరు ఎటు తిరుగుతుందో నాకే తెలీదు. అందుకని మీరందరూ రండి. నా వెనకే నిలబడండి. వాడు నాతో మెల్లగా ఏమన్నా, నేను గట్టిగా మళ్ళీ చెబుతాను. నా వెనకది దాని వెనకదానికి చెప్పాలి. ఒక్క మాట దాచానని అనిపించినా అక్కడే జుట్టు పట్టుకోండి.”

పైన ఎవరో అన్నారు. “దూరం పాటించాలి కదా, జుట్టు అందుతుందా?”

ఈసారి నవ్వు కిందినుంచి పైదాకా పోయింది. నవ్వు అయ్యాక కూడా జేబులమ్మ నవ్వలేదు.

“నేను నీ వెనకే నిలబడతానక్కా. ఇంకెవరినీ నిలబడనివ్వను” అంది. ఆ మాట ప్రేమతో అన్నది కాదు. కాలరక్కకి అది తెలుసు. అయినా ఆ మాటే ధైర్యమిచ్చింది.

*

విచారణ రోజు పొద్దున ఆ వీధి చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

గుంపుగా చేరకూడదని రూలు. సరే, గుంపు కాలేదు. మనిషికీ మనిషికీ మధ్య చాచిన చెయ్యంత దూరం ఉండాలని రూలు. సరే, ఉంచారు. హాలులో ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ ఇరుకుగా కూర్చున్న ఆడవాళ్ళు అంత దూరందూరంగా నిలబడేసరికి వరుస ఆఫీసు వాకిలి దాటింది, వీధి దాటింది, మలుపు తిరిగి మార్కెట్టు గోడ వెంట సాగింది. ఎవరి పెదవీ కనబడదు, అందరి మూతికీ చొక్కాగుడ్డే. ఫ్యాక్టరీలో మిగిలిన చెత్తముక్కల్ని కుట్టుకున్న గుడ్డలు, రకరకాల గళ్ళు, చారలు.

కిటికీ లోపల గుమస్తా స్థానంలో విచారణ అధికారి కూర్చున్నాడు. అతని పక్కన కాస్త ఎడంగా ఇస్త్రీ.

“ఇంతమంది ఎందుకొచ్చారు? ఒక్కొక్కరినే రమ్మన్నాం” అన్నాడు అధికారి.

“ఇంతమంది ఎందుకొచ్చారని అడుగుతున్నారు” అని గట్టిగా అంది కాలరక్క. ఆ మాట జేబులమ్మ వెనక్కి చెప్పింది, ఆమె వెనకది దాని వెనక్కి. అధికారి ముఖం చిట్లించాడు.

“నాతో మాట్లాడమ్మా, వాళ్ళతో కాదు. మీ హాల్లో డబ్బీ అప్పజెప్పడమంటే అర్థమేంటి?”

ఆమె ఆ ప్రశ్నని కూడా గట్టిగా చెప్పింది. ఇస్త్రీ ఆమె వైపు చూసి తల కొద్దిగా ఆడించాడు, చెప్పు చెప్పు అన్నట్టు. ఆమెకి ఆ క్షణంలో అత్తగారి మంచం కనబడింది. దిండుకి ఆనుకుని, నోరు తెరుచుకుని కూర్చునే మనిషి. వీపు మీద తోడికోడలి చూపు గుచ్చుకుంటోంది.

“మానెయ్యడం” అంది.

వెనక జేబులమ్మ ఆ మాట అందుకోలేదు. వరుస అంతా బిగుసుకుపోయింది.

“మానేసే మనిషి తనంతట తను లేచి, తన చేత్తో డబ్బీ తీసుకెళ్ళి ఇస్తుంది. ఇంకో మనిషి వచ్చి ఆ మిషను మీద కూర్చుంటుంది. ఎవరూ పళ్ళెం పట్టుకుని అడుక్కోడానికి రారు. కడిగి ఇస్తామని తీసుకున్నారు సార్. హాలు హాలంతా ఒకే పూట కాపురాలు మార్చుకుందా? అందరికీ ఒక్కసారే కళ్ళు ఆనకుండా పోయాయా?”

“అడిగినదానికే జవాబివ్వు” అన్నాడు అధికారి. “మానెయ్యడమే అన్నావు. రాసుకున్నాను. చాలు.”

“రాసుకున్నది చదవండి.”

“అవసరం లేదు.”

“అవసరం లేదంటున్నారు” అని ఆమె గొంతు చించుకుంది. ఈసారి వెనక మాట ఆగలేదు. జేబులమ్మ గొంతు ఆమె గొంతుకంటే పైకి లేచింది. అవసరం లేదంటున్నారు, చదవరంట, చదవరంట అంటూ మాట మలుపు తిరిగిపోయింది.

అధికారి అద్దానికి దగ్గరగా వంగి గొంతు తగ్గించాడు. “చూడమ్మా, నీ భృతి మంజూరు నా చేతిలోనే ఉంది. ఇవాళే చేసేస్తాను. వీళ్ళతో నీకెందుకు? నువ్వు మానెయ్యలేదుగా.”

ఇది చాలా మెల్లగా అన్న మాట. వెనకెవరికీ వినపడలేదు. దాచుకుంటే దాగుతుంది.

“నాకొక్కదానికి ఇవాళే ఇస్తాడంట” అని అరిచింది. “మీతో నాకెందుకంటున్నాడు. సార్, రాసుకోండి. వాళ్ళు మానేసినవాళ్ళయితే నేనూ మానేసినదాన్నే. నన్ను తీసేస్తే వాళ్ళనీ తీసేసినట్టే. రెండిట్లో ఒకటే రాయండి, అందరికీ కలిపి రాయండి.”

అధికారి కిటికీ తలుపు మూసేశాడు.

తలుపు మూసినా వరుస కదల్లేదు. కాసేపటికి పోలీసు వ్యాను వచ్చింది. దిగిన ఇన్‌స్పెక్టరు వరుసని మొదటి నుంచీ చివరిదాకా నడిచి చూసొచ్చాడు, తప్పు దొరుకుతుందేమోనని. మూతులకి గుడ్డలున్నాయి. మధ్యన దూరముంది.

“గుంపుగా చేరినందుకు అందరినీ లోపలేస్తాను” అన్నాడు.

“దీన్ని గుంపు అంటారా నాయనా?” అంది కాజాల పిన్ని. “మా అక్కాచెల్లెళ్ళం ఇంత దూరంగా ఎప్పుడూ నిలబడలేదు. మీ రూలు కోసమే ఇంత కష్టపడుతున్నాం.”

మలుపు దగ్గర మార్కెట్టు హమాలీలు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళకీ పనులు లేవు. వాళ్ళల్లో కొందరు వరుస చివర నిలబడ్డారు. హోటళ్ళలో అంట్లు తోమే ఆడవాళ్ళు ముగ్గురొచ్చి, ఇక్కడ ఏమిస్తున్నారని అడిగి, ఏమీ ఇవ్వట్లేదని తెలిసి కూడా నిలబడ్డారు. వాళ్ళకి కూడా, యజమాని చెప్పాడంట, మీరే పనిలోకి రాలేదని.

ఇన్‌స్పెక్టరు కాలరక్క ముందుకొచ్చాడు. “అరిచింది నువ్వే కదా. పద.”

“ఏం నేరానికి?”

“అక్కడ చెబుతాం.”

ఆమె వెంటనే కదల్లేదు. వెనక్కి తిరిగి తోడికోడల్ని చూసింది. అత్తగారికి మందు సంగతి చూడమని చెప్పాలనుకుంది. చెప్పడానికి నోరు తెరిచేలోపు పోలీసమ్మ జబ్బ పట్టుకుంది. జబ్బు అంటుకుంటుందని చెయ్యిచెయ్యీ తగలకూడదన్న రూలు పోలీసులకి లేదు కాబోలు. వ్యాను ఎక్కించి జల్లెడ తలుపు వేశారు.

ఆ జల్లెడ లోంచి చూస్తే గీతలు గీతలుగా వీధి. కిటికీ ముందు సున్నంగీత ఖాళీగా ఉంది. ఇప్పుడేం చేస్తారు? ఒకతి పోగానే చెదిరిపోయిన వరుసలు ఆమె చూసినవే.

జేబులమ్మ ఒక గీత ముందుకు జరిగింది. ఆమె వెనక పిన్ని, ఆ వెనక అందరూ, మలుపు అవతల హమాలీల దాకా ఒక్కొక్క గీత జరిగారు. జేబులమ్మ మూసిన కిటికీని వేళ్ళతో కొట్టింది.

“నా వంతు” అంది.

తలుపు కాస్త తెరుచుకుంది. లోపలి మనిషి వంగి ఏదో మెల్లగా మాట్లాడుతున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. జేబులమ్మ వింటోంది. వ్యానులోకి ఒక్క ముక్క వినపడటం లేదు. మూతికి గుడ్డ ఉంది, మొహంలో ఏముందో తెలియదు. కాలరక్క జల్లెడకి చెంప ఆనించింది. పొయ్యి వేరు చేసుకున్న పిల్ల. నిన్నటిదాకా తన మీద కోపంతో ఉన్న పిల్ల. ఇంట్లో ఊపిరాడని అత్తగారున్న పిల్ల. ఇప్పుడు ఒక్కసారి తల ఊపితే చాలు, అద్దం అవతల పని అయిపోతుంది. ఊపుతుందా? ఆ అనుమానం ఆమెకి సహజం. ఆమె దాన్ని దాచుకోనూ లేదు, సిగ్గుపడనూ లేదు. ఆ వీధిలో తనలాగే ప్రతి మనిషీ జేబులమ్మ వీపు మీద కళ్ళు పెట్టి చూస్తోంది.

జేబులమ్మ వెనక్కి తిరిగింది. మూతి మీది గుడ్డని గట్టిగా బిగించుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

“మా అక్కని వదిలేస్తాడంట. నాకు భృతి ఇస్తాడంట. మీరందరూ ఇళ్ళకి పోతే చాలంట. ఏం చెప్పమంటారు?”

పిన్ని ఆ మాటని వెనక్కి పంపింది. మాట మనిషి నుంచి మనిషికి నడిచింది, మలుపు తిరిగింది, మార్కెట్టు గోడ వెంట వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు కూడా ఏం చెయ్యాలో తోచక దాని వెంటే తల తిప్పుతూ చూశాడు. వీధంతా జవాబు కోసం ఆగింది.

జవాబు చివరనుంచి బయల్దేరింది. ముందు మగగొంతులు, హమాలీలవి. తర్వాత అంట్లు తోమేవాళ్ళవి. తర్వాత చొక్కాలు కుట్టేవాళ్ళవి, ఒక్కొక్కటీ దగ్గరవుతూ, పెద్దదవుతూ. కిటికీ దాకా వచ్చేసరికి అది ఒక్క గొంతులా ఉంది.

“అందరికీ కలిపి రాయమను.”

వ్యాను డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, దారి కోసం హారన్ కొట్టాడు. వరుస దారికి అడ్డంగా ఉంది. ఎవరూ పక్కకి జరగలేదు.